ఒకే గదిలో ఉంటాం, ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ మందు) మాత్రలు ఎక్కడ పెట్టుకోవాలి?

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒక బస్తీలో ఉంటాం, ఒక్కటే గది, అత్తమ్మ, ఆడపడుచు కూడా మాతోనే. పోయిన నెల నాకూ మా ఆయనకూ హెచ్‌ఐవీ పాజిటివ్ వచ్చింది, మాత్రలు మొదలుపెట్టారు. ఇంట్లో ఎవరికీ తెలీదు. రాత్రి బాటిల్ తీస్తే గలగలమని చప్పుడు, పక్కనే అత్తమ్మ. ఇప్పటికే మూడుసార్లు మానేశాను, టెన్షన్‌గా ఉంది.

జవాబు: చెల్లీ, రాత్రే వేసుకోవాలని ఎవరన్నారు? నేను 2014లో మొదలుపెట్టినప్పుడు ఎఫావిరెంజ్ అనే మందు ఉండేది, తల తిరిగేది, అందుకే పడుకునే ముందు వేసుకోమనేవారు. ఇప్పుడు బాటిల్ మీద డోలుటెగ్రావిర్ అని ఉంటే పొద్దున వేసుకో, తిన్నా తినకపోయినా పర్లేదు. నిద్ర పట్టనివాళ్లకైతే పొద్దునే నయం. పనికి పోయేటప్పుడు దారిలో వేసేసుకో, రోజూ ఒకటే టైం. బాటిల్ లేబుల్ చింపేసి, పైన కాస్త దూది కుక్కితే చప్పుడు రాదు, లోపల తేమ పీల్చే చిన్న పొట్లం మాత్రం పారెయ్యకు. నేను ప్యాడ్ల సంచిలో పెట్టేదాన్ని, దాని జోలికి ఎవరూ రారు (ఆడపడుచుకు వేరే ప్యాకెట్ కొనిచ్చాలే).

ఇంకొకరు: మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోండి, రెండు కలిపి వద్దు. మానేసిన మూడు రోజుల సంగతి మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌లో దాచకండి, తిడతారని భయపడి చెప్పకపోతే రేపు వైరల్ లోడ్ (రక్తంలో ఉన్న వైరస్ లెక్క) తగ్గనప్పుడు కారణం వాళ్లకెలా తెలుస్తుంది? గ్యాస్ మందు తాగే అలవాటుంటే, ఈ మాత్ర దానికి రెండు గంటల ముందైనా ఆరు గంటల తర్వాతైనా పడాలి. పిల్లలుంటే వాళ్లకూ పరీక్ష చేయించండి. దగ్గు, జ్వరం ఉంటే టీబీ పరీక్ష అడగండి.

ప్రశ్న అడిగినామె: బాబుకు ఆరేళ్లు, ఇంకా చేయించలేదు. మందులకని ప్రతి నెలా సెలవంటే పనిలో మేడమ్ జీతం కోస్తుంది, ఏం జబ్బని అడుగుతుంది.

జవాబు: చెప్పక్కర్లేదు. 2017 హెచ్‌ఐవీ చట్టం ప్రకారం నీ ఒప్పుకోలు లేకుండా ఎవరూ బయటపెట్టకూడదు, దీని పేరు మీద పనిలోంచి తీసెయ్యకూడదు. మందు కుదిరాక రెండు మూడు నెలలకు ఒకేసారి ఇవ్వమని అడుగు, ఇస్తారు. ఏ సందేహమున్నా హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చెయ్యి, ఉచితం.

ప్రశ్న అడిగినామె: సరే అక్కా. ఇవాళ బస్టాప్‌లో వేసుకున్నా. సోమవారం బాబును తీసుకుపోతా.