సీ, లుక్, వాచ్: మూడింటికీ ‘చూడు’ అనే అర్థమైతే తేడా ఎక్కడ?

ప్రశ్న

సీ, లుక్, వాచ్ అనే మూడు ఇంగ్లీషు క్రియలకూ నేను చూసిన నిఘంటువు ‘చూడు’ అనే అర్థమే ఇచ్చింది. చదివేటప్పుడు ఇబ్బంది లేదు గాని, మాట్లాడవలసి వస్తే ఏది వాడాలో తోచక తడబడుతున్నాను. మొన్న ఒక ఆన్‌లైన్ సమావేశంలో నా కంప్యూటర్ తెరను అందరికీ చూపిస్తూ ‘ఆర్ యు సీయింగ్ మై స్క్రీన్?’ అని అడిగాను. ‘కెన్ యు సీ’ అనాలని సహోద్యోగి ఒకరు తరవాత చెప్పారు గాని, కారణం అడిగితే అది అలవాటు అన్నారు. ఈ మూడింటినీ విడదీసే సూత్రం ఏదైనా ఉంటే దయచేసి వివరించగలరు.

సమాధానం 1

చిక్కు ఇంగ్లీషులో కన్నా ఆ అర్థం ఇచ్చిన తీరులో ఉంది. సీ అనే క్రియకు ముందుగా రాయవలసిన అర్థం ‘కనిపించు’. ‘కిటికీలోంచి చూశాను గాని ఏమీ కనిపించలేదు’ అని మనం ఆలోచించకుండానే అంటాం. అందులో చూడడం మనం పూనుకుని చేసే పని, అది లుక్. కనిపించడం కంటికి దానంతట అది అందేది, అది సీ. అయితే మనం ‘నాకు కొండ కనిపించింది’ అని కొండను కర్తగా నిలబెడతాం, ఇంగ్లీషు ‘ఐ సా ద హిల్’ అని చూసేవాణ్ణే కర్తను చేస్తుంది. అందువల్లనే ఈ పోలిక మనకు చప్పున తట్టదు.

మీ తెర సంగతీ ఇందులోనే తేలుతుంది. ‘కనిపిస్తోందా?’ అని మనం వర్తమానంలో జరుగుతున్నదానిలా అడుగుతాం గనక, మీరు దాన్ని ‘సీయింగ్’ అని మార్చారు. కంటికి అందడమనే అర్థంలో ఇంగ్లీషు సాధారణంగా ఆ రూపం వాడదు, కెన్‌ను తోడు తెచ్చుకుంటుంది. ‘ఐ యామ్ సీయింగ్ హర్’ అంటే ఆమె నాకు కనిపిస్తోందని కాదు, ఆమెకూ నాకూ మధ్య ప్రేమ వ్యవహారం నడుస్తోందని. ఇది గుర్తుంటే మళ్లీ పొరబడరు.

సమాధానం 2

పై వివరణ బాగుంది గాని, ‘నిన్న అతన్ని బస్సులో చూశాను’ అనే వాక్యాన్ని ఏం చేద్దాం? తెలుగులో ఉన్నది చూడడమే అయినా, ఇంగ్లీషులో ‘ఐ సా హిమ్’ అనాలి. ‘లుక్డ్ ఎట్’ అంటే పనిగట్టుకుని అతనివంక చూసినట్టవుతుంది. అందుకని నేను ఒక చిన్న పరీక్ష పెట్టుకుంటాను. ‘చూశాను’ తీసేసి ‘కనిపించాడు’ అని పెడితే వాక్యం నిలబడితే సీ, నిలబడకపోతే లుక్. ‘బస్సులో అతను కనిపించాడు’ అనవచ్చు. ‘అతను నా వైపు చూశాడు’ అనే వాక్యాన్ని అలా మార్చలేం.

ఈ పరీక్ష సినిమా దగ్గరా డాక్టరు దగ్గరా పనిచేయదని ఒప్పుకోవాలి. ఆ రెండింటికీ సీ వాడుక స్థిరపడిపోయింది, వాటిని అలాగే నేర్చుకోవాలి.

సమాధానం 3

వాచ్‌ను ఎవరూ పట్టించుకోలేదు. పాత ఇంగ్లీషులో దీని మూలరూపానికి మేలుకుని ఉండడం అనే అర్థం ఉండేది; నిద్ర లేవడాన్ని చెప్పే వేక్‌కు ఇది దగ్గరి చుట్టం. కాపలావాణ్ణి వాచ్‌మన్ అనడంలో ఆ వాసన ఇంకా ఉంది. పొయ్యి మీద పాలు పెట్టి ‘పొంగకుండా చూస్తూ ఉండు’ అంటామే, ఆ ‘చూస్తూ ఉండు’ సరిగ్గా వాచ్. కదిలేదో, మారేదో, మారవచ్చునని మనం కనిపెట్టుకుని ఉండేదో అయితే ఈ మాట వస్తుంది. గోడ మీది ఫోటోను లుక్ ఎట్ చేస్తాం, వాచ్ చేయం. ఆ ఫోటో ఊడి పడేలా ఉంటే మాత్రం వాచ్ చేయవచ్చు!

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. అయితే ‘విను’ కూడా ఇలాగే విడిపోతుందా? వినిపించడం హియర్, వినడం లిజన్ అనుకోవచ్చా?

సమాధానం 1

అనుకోవచ్చు. ‘చెవి ఒగ్గి విన్నాను గాని ఏమీ వినిపించలేదు’ అన్న వాక్యంలో మొదటిది లిజన్, రెండోది హియర్. ఒక్క జాగ్రత్త అవసరం. మనం ‘ఫోటో చూడు’, ‘పాట విను’ అని నేరుగా అంటాం గనక, ఇంగ్లీషులో లుక్ తరవాత ఎట్, లిజన్ తరవాత టు వదిలేస్తుంటాం. వెనక కర్మపదం ఉన్నప్పుడు అవి తప్పనిసరి. వాసనకు వచ్చేసరికి కథ తిరగబడుతుంది: గ్యాస్ వాసన వచ్చినా, మనమే పువ్వు వాసన చూసినా ఇంగ్లీషులో స్మెల్ ఒక్కటే, మనకే రెండు మాటలున్నాయి.