వాన నీటి కాలువల మోడల్‌లో పైపుల వివరాలు: ఆఫ్‌సెట్, గరుకుదనం, పూడిక

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి)

సభ్యులందరికీ నమస్కారం. మా పట్టణంలో ఒక పాత పేట వాన నీటి కాలువలను నీటి పారుదలను లెక్కగట్టే ఎస్‌డబ్ల్యూఎంఎం 5 సాఫ్ట్‌వేర్‌లో మోడల్ చేస్తున్నాను. నీరు చివరకు మహేంద్రతనయ నదిలో కలుస్తుంది. ఈ వ్యవస్థలో 600, 900 మిల్లీమీటర్ల హ్యూమ్ (కాంక్రీటు) పైపులు, పైన పలకలు కప్పిన రాతి కాలువలు, ఈమధ్య వేసిన హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) పైపులు కలగలిసి ఉన్నాయి. లెవెలింగ్ పుస్తకంలోని ఇన్వర్ట్ (అడుగు) లెవెళ్లను నోడ్‌లకు, అంటే పైపులు కలిసే మ్యాన్‌హోళ్లకు ఇచ్చి, పైపుల రెండు చివరల లెవెళ్లను ఇన్‌లెట్ ఆఫ్‌సెట్, అవుట్‌లెట్ ఆఫ్‌సెట్ గడులలో నింపాను. రన్ చేస్తే దాదాపు ప్రతి నోడ్‌కూ గరిష్ఠ లోతును పెంచినట్లు 02 నంబరు హెచ్చరిక వస్తోంది. కొన్ని నోడ్‌లలో నీటి లోతు వంద మీటర్లు దాటుతోంది, అయినా ఎక్కడా పొంగినట్లు లేదు. గట్టి వాన కురిస్తే ఆ పేటలో మోకాలి లోతు నీరు నిలుస్తుందన్నది ఊరందరికీ తెలిసిన సంగతే. గరుకుదనాన్ని తెలిపే మానింగ్ ఎన్ విలువ అన్నింటికీ 0.013 ఇచ్చాను. దానిని మార్చితే సరిపోతుందా?

జవాబు 1 (బరంపురం నుంచి)

ఎన్ విలువ జోలికి ఇప్పుడే వెళ్లకండి, ఎందుకంటే మీ చిక్కంతా ఆఫ్‌సెట్ గడులలోనే ఉంది. సాఫ్ట్‌వేర్‌లో ఆఫ్‌సెట్‌ను లోతుగా చదవాలా, లెవెల్‌గా చదవాలా అని నిర్ణయించే ఎంపిక ఒకటి ఉంటుంది, అది మొదట లోతు మీదే ఉంటుంది. అప్పుడు ఆ గడిలో రాయవలసింది నోడ్ అడుగు నుంచి పైపు అడుగు ఎంత ఎత్తున ఉందన్నది మాత్రమే. అక్కడ 140.00 అని రాస్తే, పైపు మ్యాన్‌హోల్ అడుగుకు 140 మీటర్ల పైన వేలాడుతోందని ప్రోగ్రాం అర్థం చేసుకుంటుంది. ఆ పైపు పైభాగాన్ని అందుకోవడానికి నోడ్ లోతును తానే పెంచుకుంటుంది. అంత లోతైన నోడ్ ఇక పొంగేదెక్కడ?

ఇందులో ఎవరూ గమనించని చేటు మరొకటి ఉంది. వంద మీటర్ల పైపు ఒక చివర 140.00, రెండో చివర 139.80 అనుకుందాం, అంటే వాలు 500కు 1. నోడ్ ఇన్వర్ట్‌లోనూ అవే అంకెలు, ఆఫ్‌సెట్‌లోనూ అవే అంకెలు ఉంటే, రెండూ కలిసి తేడా 0.40 మీటర్లు అవుతుంది, వాలు 250కు 1గా మారుతుంది. 900 మిల్లీమీటర్ల పైపు 0.013 గరుకుదనంతో నిండుగా పారితే సెకనుకు సుమారు 0.81 ఘనపు మీటర్లు మోయగలదు, మీ మోడల్‌లో అదే పైపు దాదాపు 1.14 మోస్తున్నట్లు కనిపిస్తుంది. హెచ్చరికలను పట్టించుకోకపోతే ఈ అంకెలు చూడటానికి నమ్మదగినవిగానే ఉంటాయి.

ఆ ఎంపికను లెవెల్‌కు మార్చండి, లేదా లోతుగానే ఉంచి తేడాలను లెక్కగట్టి రాయండి. లెవెల్‌గా మార్చిన తరువాత ఏ గడిలోనైనా సున్నా మిగిలిపోతే, నోడ్ అడుగుకన్నా కిందికి పోయిన ఆఫ్‌సెట్‌ను లెక్కలోకి తీసుకోలేదని 03 నంబరు హెచ్చరిక వస్తుంది, కాబట్టి దానిని కూడా చూసుకోండి.

వ్యాసం విషయంలో ఒక మాట. హ్యూమ్ పైపుకు భారతీయ ప్రమాణం ఐఎస్ 458 ప్రకారం చెప్పే సైజు లోపలి వ్యాసం, నున్నటి హెచ్‌డీపీఈ పైపుకు ఐఎస్ 4984 ప్రకారం చెప్పేది బయటి వ్యాసం. అందులోంచి గోడ మందాన్ని రెండుసార్లు తీసివేయాలి. రెండు గోడల ముడతల పైపు రెండు విధాలుగానూ దొరుకుతుంది కనుక పైపు మీద అచ్చు వేసిన వివరం చూడకుండా అంకె వేయవద్దు. మెట్రిక్ ప్రమాణాలలో వ్యాసం గడిలో 900 కాదు, 0.9 రాయాలి.

జవాబు 2 (గుణుపురం నుంచి)

పై జవాబుతో ఏకీభవిస్తున్నాను, కానీ ఆఫ్‌సెట్ సరిచేసిన తరువాత ఎన్ విలువను అలాగే వదిలేయడం మాత్రం కుదరదు. సిమెంటుతో కట్టిన రాతి కాలువకు 0.018 నుంచి 0.030 వరకు తీసుకుంటారు, దానికి 0.013 ఇవ్వడం నీటికి లేని నున్నదనాన్ని ఇవ్వడమే. పలకలు కప్పిన కాలువను పైన మూసిన దీర్ఘచతురస్రంగా చూపాలి, తెరిచినదిగా చూపితే నిండిన తరువాతి ఒత్తిడి లెక్కలోకి రాదు.

పూడికను చూపడానికి ఎన్ పెంచే అలవాటు చాలామందికి ఉంది, నాకు అది సరైన పద్ధతిగా తోచదు. అడుగున పూడిక నిండిన వృత్తాకారపు పైపు అనే ఆకారం సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది, పూడిక లోతు ఇస్తే చాలు. 900 పైపులో 200 మిల్లీమీటర్ల మట్టి ఉంటే వైశాల్యంలో సుమారు ఆరో వంతు పోతుంది.

పొడవులను మ్యాప్ నుంచి తీసుకుంటున్నట్లయితే, మీ ఊరు 84 డిగ్రీల రేఖాంశానికి తూర్పున ఉంది కనుక యూటీఎం అనే మ్యాప్ కొలతల పద్ధతిలోని 45వ జోన్‌లో పని చేయాలి. మా గుణుపురం 44లోకి వస్తుంది. పక్క ఊరివాళ్లు పంపిన ఫైలు కదా అని జోన్ చూడకుండా వాడేయకండి.

ప్రశ్న వేసినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఎంపికను లెవెల్‌కు మార్చాను, హెచ్చరికలు పోయాయి, మూడు కూడళ్లలో నీరు పొంగుతోంది. ఒక పైపు మాత్రం సర్వే ప్రకారమే ఎదురు వాలులో ఉంది, కైనమాటిక్ వేవ్ అనే సరళమైన ప్రవాహ లెక్క పద్ధతిలో 115 నంబరు లోపం చూపి ఆగిపోతోంది. దాని చివరలను తారుమారు చేయవచ్చా?

జవాబు 3 (బరంపురం నుంచి)

గీత గీసేటప్పుడే నోడ్‌లు అటూ ఇటూ అయి ఉంటే తారుమారు చేయండి. పైపు నేలలో నిజంగానే ఎదురు వాలుగా ఉంటే దానిని అలాగే ఉంచి డైనమిక్ వేవ్ అనే పూర్తి లెక్క పద్ధతికి మారండి, ఆ పద్ధతి ఎదురు వాలును ఒప్పుకుంటుంది. నదిలో కలిసే కాలువకు ఎలాగూ అదే కావాలి, ఎందుకంటే కైనమాటిక్ వేవ్ వెనక్కి తన్నే నీటిని చూపలేదు. అవుట్‌ఫాల్‌ను, అంటే కాలువ నదిలో కలిసే చోటును, ఫ్రీగా వదలకుండా నది మట్టాన్ని స్థిరంగానో, కాలంతో మారేలాగానో ఇవ్వండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను నాడు నీరు ఎంత ఎత్తుకు వచ్చిందో గట్టున ఉండేవారిని అడిగి, ఆ గుర్తును మీ బెంచ్‌మార్క్‌తో కలిపి లెవెల్ తీసుకోండి. అక్కడ నది నీటిని వెనక్కి రానీయని తలుపు నిజంగా ఉండి, పని చేస్తుంటేనే ఫ్లాప్ గేటుకు అవును అని పెట్టండి.