బరువు తగ్గే సర్జరీ తర్వాత ప్రోటీన్ బార్లు: మీకు ఏవి పడ్డాయి, ఏవి పడలేదు?

తొలిఅడుగు
స్లీవ్ సర్జరీ (కడుపులో చాలా భాగం తీసేసి సన్నటి గొట్టంలా చేసేది) అయి పదకొండు వారాలైంది. రోజుకి కనీసం 60 గ్రాముల ప్రోటీన్ పడాలని డైటీషియన్ చెప్పారు, కానీ షేక్ మూత తీస్తేనే వికారం వస్తోంది. ఇక బార్లు మొదలుపెట్టొచ్చు అన్నారు కదా అని నిన్న ఆఫీసులో మొదటిసారి ఒకటి తిన్నాను. మీటింగ్‌కి టైమవుతోందని ఐదు నిమిషాల్లో సగం పైనే లాగించేశాను. అంతే, ఛాతీ మధ్యలో రాయి పెట్టినట్టు పట్టేసింది, నోటినిండా నురగలాంటి లాలాజలం ఊరుతూనే ఉంది, దించుకుందామని నీళ్లు తాగితే ఇంకా ఎక్కువైంది, చివరికి బయటికి వచ్చేశాకే ఊపిరి పీల్చుకున్నాను. కవరు మీద 20 గ్రాములు అని పెద్దగా ఉందని కొన్నా. తప్పు బార్‌దా, నాదా? మీరంతా ఏం చూసి కొంటున్నారు?

బైపాస్2019
ముందు టెన్షన్ పడకండి, దాదాపు అందరికీ ఒకసారైనా జరిగేదే. బార్ సంగతి తర్వాత, తిన్న తీరు చూద్దాం. అది బాగా దట్టంగా, జిగటగా ఉండే పదార్థం, సరిగ్గా నమలకుండా మింగితే ముద్దలాగే వెళ్లి సన్నటి దారిలో కూర్చుంటుంది. పైనుంచి నీళ్లు పోస్తే వాటికీ చోటుండదు. నేను చిటికెనవేలి గోరంత ముక్క తుంచి, నోట్లో పేస్టు అయ్యేదాకా నమిలి, ఒక నిమిషం ఆగి ఇంకోటి వేసుకుంటాను. సగం బార్‌కి ఇరవై నిమిషాలు పడుతుంది. నీళ్లు తిన్న అరగంట తర్వాతే. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నా: ఏం తిన్నా ఇలాగే అవుతుంటే, లేదా నీళ్లు కూడా దిగకపోతే, ఇక్కడ అడుగుతూ కూర్చోకుండా సర్జన్‌కి ఫోన్ చేయండి. దారి బాగా సన్నబడి ఉండొచ్చు, పైగా వాంతులు ఆగకపోతే బి1 విటమిన్ పడిపోతుంది, అది నరాల మీదికి వస్తుంది.

ఇక ప్యాకెట్ సంగతి. నేను ముందు చక్కెర చూస్తాను, 5 గ్రాములు దాటితే పక్కన పెట్టేస్తాను. ఒకసారి తేనెతో చేసింది, అంతా సహజమే అని రాసుంటే నమ్మి మొత్తం తిన్నాను. పావుగంటలో గుండె దడ, ఒళ్లంతా చెమట, కడుపులో మెలిపెట్టే నొప్పి, గంటసేపు మంచం దిగలేదు. అదే డంపింగ్, అంటే తీపి కడుపులో ఆగకుండా ఒక్కసారిగా పేగులోకి దిగిపోవడం. తేనె అయినా బెల్లం అయినా ఖర్జూరం పేస్టు అయినా పేగుకి చక్కెర చక్కెరే. గ్యాస్ట్రిక్ బైపాస్ (కడుపుని చిన్నది చేసి నేరుగా పేగుకి కలిపే సర్జరీ) వాళ్లకి ఎక్కువ, స్లీవ్ వాళ్లకి అసలు రాదనుకోవద్దు.

మాటతప్పను
చక్కెర తక్కువ ఉన్నవాటితో నాకు వేరే గొడవ. "షుగర్ ఫ్రీ" అని సంబరపడి కొన్నాను, అందులో తీపి అంతా మాల్టిటాల్. రాత్రంతా కడుపు ఉబ్బరం, తెల్లారి విరేచనాలు. మాల్టిటాల్, సార్బిటాల్ లాంటివి పేగులో పూర్తిగా ఇంకవు, నీటిని లాక్కుంటాయి, మిగిలింది బ్యాక్టీరియాకి దొరికి గ్యాస్ అవుతుంది. ఎరిథ్రిటాల్ నాకు పడింది. ఫైబర్ ఎక్కువ అని గొప్పగా రాసేవాటిలో చాలావరకు చికోరీ వేరు నుంచి తీసిన ఇన్యులిన్ ఉంటుంది, అదీ నాకు గ్యాసే. అందుకే కొత్త బార్ ఏదైనా సెలవు రోజున ఇంట్లో ఉండి పావు ముక్కతో మొదలుపెడతాను, ఆఫీసులో ఎప్పుడూ కాదు.

నెమ్మదిగా_తింటా
అసలు ఆ 20 గ్రాములు ఎక్కడి నుంచి వచ్చాయో చూశారా? పదార్థాల పట్టీలో ఏది ఎక్కువుంటే అది ముందు రాస్తారు. నా బార్‌లో మొదటి పేరు కొల్లాజెన్, జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే ప్రోటీన్. ఆర్నెల్లు అదే తిని లెక్క సరిపోయిందనుకున్నాను. డైటీషియన్ చూసి, కొల్లాజెన్‌లో ట్రిప్టోఫాన్ అనే అవసరమైన అమైనో ఆమ్లమే ఉండదు, దీన్ని మీ 60లో కలపకండి అన్నారు. అప్పటికే దువ్విన ప్రతిసారీ దువ్వెన నిండా జుట్టు. సర్జరీ తర్వాత మూడో నెల నుంచి జుట్టు రాలడం మామూలేనట, మొత్తం నేరం బార్ మీద వేయను, కానీ ఆ ఆర్నెల్లు తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. ఇప్పుడు వే ఐసొలేట్ (పాల విరుగుడు నీటి నుంచి తీసి బాగా శుద్ధి చేసిన ప్రోటీన్) ముందున్నదే కొంటున్నాను. పాలు పడనివాళ్లకి అంతగా శుద్ధి చేయని వే కాన్సంట్రేట్ కన్నా ఐసొలేట్ నయం, లాక్టోజ్ చాలా తక్కువ. అదీ పడకపోతే సోయాది చూడండి.

మళ్ళీమొదలు
నాది చేదు అనుభవం, అయినా చెప్పాలి. రెండో ఏడాది రోజుకి రెండు మూడు బార్లు తినేదాన్ని, పైన చాక్లెట్ పూత ఉన్నవి. మెత్తవి కాబట్టి సులువుగా జారిపోయేవి, కడుపు నిండినట్టే ఉండేది కాదు. ఆరు కిలోలు తిరిగొచ్చాయి. ఇప్పుడు నా లెక్క ఒక్కటే: గ్రాము ప్రోటీన్‌కి పది క్యాలరీలు దాటకూడదు. 200 క్యాలరీలకి 20 గ్రాములుంటే సరే, 250కి 10 గ్రాములుంటే అది మిఠాయే. కవరు మీద అంకెలు మొత్తం బార్‌కా, సగానికా అనేది కూడా చూడండి, నేను మోసపోయింది అక్కడే.

బైపాస్2019
@మళ్ళీమొదలు మీ లెక్క బావుందండి, కానీ కొత్తవాళ్లు భయపడి బార్ మానేసి ఆ పూట ప్రోటీనే లేకుండా గడిపేస్తే అదింకా నష్టం. గుడ్డో పెరుగో తినే వీలుంటే అదే ముందు. ప్రయాణంలో, ఆఫీసులో ఏమీ కుదరనప్పుడు బార్ ఆదుకుంటుంది. ఇంకోటి, ఐరన్ మాత్రతో కలిపి తినకండి, చాలా బార్లలో కాల్షియం ఉంటుంది, అది ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు. నేను రెండు గంటలు ఎడం ఉంచుతాను.

మాటతప్పను
పాతబడే కొద్దీ బార్లు గట్టిపడతాయి, కొనేముందు తయారీ తేదీ చూడండి. వేలితో నొక్కితే సొట్ట పడాలి. గట్టిగా ఉంటే కవరు తీసి మైక్రోవేవ్‌లో పది సెకన్లు పెడితే మెత్తబడుతుంది.

తొలిఅడుగు
అందరికీ థాంక్స్. నా బార్ కవరు చెత్తబుట్టలోంచి తీసి చదివాను: మొదటి పేరు కొల్లాజెన్, మూడోది మాల్టిటాల్. ఆదివారం ఇంకో రకం తెచ్చాను, వే ఐసొలేట్, 15 గ్రాములు, చక్కెర 3. రాత్రే ఎనిమిది ముక్కలు కోసి డబ్బాలో పెట్టుకుని, పొద్దున ఫోన్‌లో టైమర్ పెట్టి తిన్నాను. పాతిక నిమిషాలు పట్టింది, నాలుగు ముక్కలకే చాలనిపించి ఆపేశాను. పట్టేయలేదు, నురగ రాలేదు, ఇప్పటికి ఐదు గంటలైంది, కడుపు నిశ్శబ్దంగా ఉంది. మిగతా నాలుగు ముక్కలు సాయంత్రానికి ఉంచాను.