పాల్ మోరియా ఎల్పీలో చివరి పాటలకు వయొలిన్లు బొంగురు: ముల్లుదా, రికార్డుదా?

ఫ్రెంచ్ సంగీత దర్శకుడు పాల్ మోరియా ఆర్కెస్ట్రా 1967 నాటి ఆల్బమ్ 'బ్లూమింగ్ హిట్స్', 'లవ్ ఈజ్ బ్లూ' పాట ఉన్నదే, పాత ఎల్పీ ఒకటి దొరికింది. కంప్యూటర్‌లోకి ఎక్కిద్దామని కూర్చుంటే ఇదీ సంగతి.

రెండు వైపులా మొదటి మూడు పాటలు శుభ్రంగా ఉంటాయి. సుమారు పదో నిమిషం నుంచి, ముల్లు లేబుల్‌కి దగ్గరయ్యేకొద్దీ వయొలిన్లు పైకి లేచిన ప్రతిచోటా బరబర. కుడి చానెల్‌లో మరీ ఎక్కువ. మెల్లగా వాయించే చోట ఏమీ ఉండదు.

నాది బెల్ట్ డ్రైవ్ టర్న్‌టేబుల్ (రికార్డు ప్లేయర్), గుండ్రటి మొన ఉన్న మామూలు ముల్లు, వాడింది 50 గంటలు కూడా కాదు. రికార్డును రెండుసార్లు కడిగాను. ముల్లు బరువు 1.8 గ్రాముల నుంచి 2.2కి పెంచాను. యాంటీ స్కేటింగ్ (ముల్లు చెయ్యి లోపలికి లాగకుండా ఆపే సర్దుబాటు) 1 నుంచి 2.5 దాకా తిప్పి చూశాను. కాగితం ప్రొట్రాక్టర్‌తో (కోణం చూసే కొలత పట్టీ) కార్ట్రిడ్జ్, అంటే ముల్లు బిగించిన భాగం, సరిచేశాను. తేడా లేదు. రికార్డింగ్ లెవెల్ కూడా మైనస్ 6 డెసిబెల్స్ దాటలేదు కాబట్టి తప్పు అక్కడ కాదు.

లోపలి గాడుల్లో ముల్లు కింద గాడి కదిలే వేగం తగ్గుతుందని, అందుకే అక్కడ శబ్దం చెడొచ్చని తెలుసు (అంచున సెకనుకు 50 సెం.మీ. ఉంటే లేబుల్ దగ్గర 20 చిల్లర). కానీ ఇదే సెట్టింగ్‌తో ఇంకో ఆర్కెస్ట్రా ఎల్పీ చివరిదాకా బాగానే మోగింది. అదే అర్థం కావట్లేదు.

ఎలిప్టికల్ (కోలమొన) ముల్లు కొనేముందు, గాడి అరిగిపోయిందో లేక ఈ ముల్లే చదవలేకపోతోందో ఇంట్లోనే తేల్చుకునే పద్ధతి ఏమైనా ఉందా?