నాన్నగారి ఏఆర్-18 స్పీకర్లు: ఊఫర్ ఫోమ్ పొడైపోయింది, కోన్ మార్చాలా?

పెదవాల్తేరు కుర్రోడు
నమస్తే అండీ. మా నాన్నగారు షిప్పుల్లో ఇంజనీరుగా చేసేవారు. 1981లో సింగపూర్‌లో కొని తెచ్చుకున్న ఏఆర్-18 స్పీకర్ల జత ఇది (ఏఆర్ అంటే అకౌస్టిక్ రీసెర్చ్ అనే అమెరికన్ కంపెనీ). ఆయన పోయాక పదేళ్లు అటక మీదే ఉండిపోయాయి. మొన్న సంక్రాంతికి దించి బాలమురళీకృష్ణ గారి క్యాసెట్ పెట్టాను. గొంతు బాగానే ఉంది. మృదంగం తొప్పి (లోతుగా మోగే ఎడమ వైపు) మీద దెబ్బ పడితే మాత్రం రేకు డబ్బా మోగినట్టు బరబరమంటోంది. ముందు గుడ్డ తీసి చూస్తే, 8 అంగుళాల ఊఫర్ (అడుగు స్వరాలు మోగించే పెద్ద స్పీకర్) కోన్ చుట్టూ ఉండే ఫోమ్ రింగు వేలికి నల్లటి బంకలా అంటుకుని ఊడొచ్చేసింది.

ఇక్కడ ఒక షాపతను "కోన్, కాయిల్ మొత్తం కొత్తవి వేసేస్తా, సాయంత్రానికి పట్టుకెళ్లండి" అన్నాడు. కోన్ అంటే కదిలే ఆ కాగితం గరాటు, కాయిల్ అంటే దాని వెనకుండే తీగచుట్ట అట. ఇంకొకాయన రబ్బరు రింగు వేయిస్తే మళ్లీ పాడవదన్నాడు. ఏది నమ్మాలో తెలియట్లేదు.

మైక్‌సెట్టు మాస్టారు
బాబూ, ముందు పాటలు ఆపెయ్. రింగు లేకుండా మోగిస్తే కోన్ పక్కకి ఒరిగి కాయిల్ అయస్కాంతానికి రాసుకుంటుంది. ఇప్పటిదాకా పోయింది ఫోమే, అలా మోగిస్తే కాయిల్ కూడా పోతుంది.

కోన్ మార్చనివ్వకు. పెళ్లిళ్లకి బాక్సులు కట్టి ముప్ఫై ఏళ్లు బతికినవాణ్ణి, నేనే చెప్తున్నా. మేం వేసే కోన్ గట్టిగా అరవడానికి పనికొస్తుంది, అంతే. ఒకసారి ఓ డాక్టరు గారి స్పీకర్లకి నేనూ అలాగే వేసిచ్చాను. వారం తర్వాత వచ్చి, ఏమీ అనకుండా పాత కోన్లు ఉన్నాయా అని అడిగారు. అప్పటికే చెత్తలో పారేశాను. ఇప్పటికీ గుర్తొస్తే తల దించుకుంటా.

ఏఆర్ వాళ్ల పద్ధతి వేరు. 1954లో కంపెనీ స్థాపకుల్లో ఒకరైన ఎడ్గర్ విల్చర్ చేసిన ఏఆర్-1 దగ్గర్నుంచీ పెట్టె మూసే ఉంటుంది. లోపల బిగిసిన గాలే కోన్‌కి స్ప్రింగు, అందుకే రింగు మెత్తగా ఉండాలి. మందపాటి రబ్బరు వేస్తే బరువు పెరుగుతుంది, కదలిక బిగుసుకుంటుంది, అడుగు స్వరం పోతుంది. ఫోమే వెయ్యి. మన సముద్రపు తేమకి పాలీయురేథేన్ ఫోమ్ కుళ్లక మానదు. పదిహేనేళ్లకోసారి మార్చుకో, ఏం పోయింది?

రింగు తెప్పించేటప్పుడు "8 అంగుళాలు" అని చెబితే చాలదు. కోన్ అంచు వ్యాసం, ఫ్రేమ్ లోపలి కొలత, బయటి కొలత మిల్లీమీటర్లలో రాసుకో. పాత రింగు కోన్‌కి ముందు అతికించారా వెనకా అన్నది ఊడదీయకముందే ఫోటో తీసుకో. పాత జిగురు మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రాసి, నానాక మొండి కత్తితో గీకు. తొందరపడితే కాగితం చిరుగుతుంది.

కోన్ మధ్యలో కాయిల్‌ని కప్పి ఉన్న గుండ్రటి టోపీని బ్లేడుతో జాగ్రత్తగా కోసి తీసి, పాత ఎక్స్‌రే ఫిల్మును సన్న ముక్కలు చేసి కాయిల్‌కీ నడిమి ఇనుప దిమ్మకీ మధ్య నాలుగు వైపులా దోపు. అప్పుడు కాయిల్ కదలదు. ఇవాళ రింగును కోన్‌కి అతికించు, రేపు ఫ్రేమ్‌కి. కాగితం కోన్‌కి తెల్ల ఫెవికాల్ చాలు. ఫెవిక్విక్ మాత్రం దగ్గరికి రానివ్వకు.

టంకం
మాస్టారూ, టోపీ కొయ్యడం దేనికండీ? నేను కోఠీలో కొన్న పాత డ్రైవర్లు మూడు జతలు చేశాను, ఒక్క టోపీ కూడా కొయ్యలేదు. ఫ్రేమ్ జిగురు తడిగా ఉన్నప్పుడే ఫోన్ నుంచి 30 హెర్ట్జ్ శబ్దం చిన్నగా పంపి, గీరుడు వినబడనంత వరకూ కోన్‌ని అటూ ఇటూ జరిపితే సరి.

తమ్ముడూ, రింగుకి డబ్బు పెట్టేముందు మల్టీమీటర్ పెట్టి చూడు. 8 ఓమ్ ఊఫర్ అయితే 6 అటూఇటుగా చూపించాలి. ముల్లు కదలకపోతే కాయిల్ తెగినట్టే, అప్పుడు లెక్క వేరు.

మైక్‌సెట్టు మాస్టారు
నీ పద్ధతీ మంచిదే నాయనా. నా చెవులకి అరవై ఎనిమిదేళ్లు, ఆ గీరుడు నాకు వినబడదు. అందుకే ఎక్స్‌రే ఫిల్ము.

పెదవాల్తేరు కుర్రోడు
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. మీటర్‌లో రెండు ఊఫర్లకీ ఒకే రీడింగ్ వచ్చింది. టోపీ కొయ్యడానికి చెయ్యి రాక టంకం అన్న చెప్పినట్టు చేశాను. ఎడమది కుదిరింది. పెట్టెలో బిగించి రెండు బొటనవేళ్లతో నొక్కి వదిలితే మెల్లగా పైకొస్తోంది, గాలి లీకు లేనట్టేనా? కుడిది ఆరాక కొంచెం గీరుతోంది.

మైక్‌సెట్టు మాస్టారు
మెల్లగా లేస్తే లీకు లేనట్టే. కుడిదాన్ని పీకకు. ఫ్రేమ్ వైపు అంచుకి తడిగుడ్డ చుట్టి గంట ఉంచు, ఫెవికాల్ మెత్తబడి రింగు లేచొస్తుంది. కోన్ మాత్రం తడవనివ్వకు. ఈసారి టోపీ కొయ్యి.