బోటు మీది కంపెనీ స్టిక్కర్లు పూత చెడకుండా తీయడం ఎలా?

లేనియర్‌తీరం: అట్లాంటా దగ్గర లేనియర్ సరస్సులో తిప్పుకుందామని 2007 నాటి ఫైబర్ బోటు కొన్నాను. 18 అడుగులది. రెండు పక్కలా కంపెనీ పేరు, దాని కింద ఎరుపు, నీలం చారలు. ఎండకు అన్నీ బీటలు వారాయి. నిన్న గోటితో గీకితే బియ్యపు గింజంత ముక్క ఊడింది, జిగురు మాత్రం కదల్లేదు. ఆ చోట మా అమ్మాయి పేరు వేయిస్తానని మాట ఇచ్చాను. అనుభవం ఉన్నవారు చెప్పండి.

డాలస్‌వాసి: లూయిస్‌విల్ సరస్సులో నాకూ ఒకటి ఉంది. తల ఆరబెట్టుకునే డ్రయ్యర్ చాలు, హీట్ గన్ జోలికి వెళ్లకండి. నేను హీట్ గన్‌ను ఒకే చోట నిలిపి ఉంచేసరికి పూత పసుపుపచ్చగా మారి పొక్కింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. చెయ్యి ఆనిస్తే ఓర్చుకోగలిగినంత వేడి చాలు. ఒక మూల లేచాక మీ వైపుకు గుంజకండి. స్టిక్కర్‌ను దాని మీదికే మడిచి, బోటుకు ఆనించినట్టుగా మెల్లగా లాగండి. వేడి ముందు, చెయ్యి వెనుక. తొందరపడితే పైపొర ఒక్కటే వచ్చి జిగురు మిగిలిపోతుంది.

విశాఖఫైబర్: ఫైబర్ బోట్ల మరమ్మతు మా వృత్తి. పైన మెరిసేది రంగు కాదండీ, జెల్‌కోట్ అనే గట్టి రెసిన్ పొర. దాని మందం సుమారు అర మిల్లీమీటరే. ఇనుప బ్లేడు మూల ఒక్కసారి దిగితే ఆ గీత అలాగే ఉండిపోతుంది, అందుకే ప్లాస్టిక్ బ్లేడు వాడండి. జిగురు మీద ముందుగా టర్పెంటైన్ నూనె పట్టించి పది నిమిషాలు నాననివ్వండి. అది లొంగకపోతేనే అసిటోన్. గుడ్డకు కొద్దిగా అద్ది, ఒక తుడుపు తుడిచి తీసేయాలి. గుడ్డ మడత ప్రతిసారీ మార్చండి, లేకపోతే ఒకచోటి జిగురు మరోచోట పులిమినట్టే. ముందు అద్దం అక్రిలిక్ అయితే దాని మీద చుక్క కూడా పడకూడదు, మసకబారి పగుళ్లు వస్తాయి. జెల్‌కోట్ మీద ఎవరైనా రంగు వేయించి ఉంటే అసిటోన్ ఆ రంగునే లేపేస్తుంది. డ్రయ్యర్ పక్కన పెట్టాకే అసిటోన్ సీసా మూత తీయండి, దానికి ఇట్టే నిప్పు అంటుకుంటుంది.

బెజవాడకార్లు: కార్లకైతే డ్రిల్లుకు బిగించే రబ్బరు చక్రం వాడతాం. బోటుకు పనికొస్తుందా?

విశాఖఫైబర్: వస్తుంది, కానీ వేగం తగ్గించి, చక్రాన్ని కదుపుతూనే ఉండాలి. ఒకచోట ఆగితే రాపిడి వేడికి జెల్‌కోట్ కాలుతుంది.

డాలస్‌వాసి: ఇంకో ముఖ్యమైన మాట. వెనుక గోడకు కుడివైపున పన్నెండు అక్షరాలు, అంకెల గుర్తింపు సంఖ్య ఉంటుంది. ఎంతమంది ఎక్కవచ్చో చెప్పే ఫలకం లోపల ఉంటుంది. ఆ రెండింటినీ ముట్టుకోకండి. ముందు భాగంలో రెండు వైపులా ఉండే రిజిస్ట్రేషన్ నంబరు చెదిరితే మళ్లీ అతికించాల్సిందే, అక్షరాల ఎత్తు మూడు అంగుళాలకు తగ్గకూడదు.

లేనియర్‌తీరం: కుడిపక్క పూర్తయింది, దాదాపు ఐదు గంటలు పట్టింది. ఉదయం చల్లగా ఉన్నప్పుడు ముక్కలు ముక్కలుగా వచ్చిన చార, మధ్యాహ్నం ఎండ తగిలాక మూరెడు పొడవున ఒకే పట్టీగా వచ్చింది. అయితే కంపెనీ పేరు ఇంకా చదవగలుగుతున్నాను! జిగురు లేదు, చేతికి ఏమీ తగలడం లేదు.

విశాఖఫైబర్: అది మరక కాదండీ. స్టిక్కర్ కింద ఉన్నదే అసలు తెలుపు, చుట్టూ ఉన్నదే ఎండకు వెలిసింది. అక్షరాలను రుద్దితే లాభం లేదు, చుట్టుపక్కల రుద్దాలి. రబ్బింగ్ కాంపౌండ్‌తో (రుద్ది మెరుగుపెట్టే పేస్టుతో) మొదలుపెట్టండి. చాలకపోతే 1000 నంబరు నీటి కాగితం (తడిపి రుద్దే గరుకు కాగితం), తర్వాత 1500, 2000, మళ్లీ కాంపౌండ్. చిన్న చోట ముందు చూసుకోండి, అంచుల దగ్గర ఎక్కువసేపు రుద్దకండి. వెలిసిన పొర పోయినా, లోతుగా దిగిన రంగు తేడా కొంత మిగలవచ్చు.

లేనియర్‌తీరం: కాంపౌండ్‌తోనే చాలావరకు కలిసిపోయింది. ఏటవాలు ఎండలో మొదటి అక్షరం మాత్రం లీలగా కనిపిస్తోంది. వ్యాక్స్ పట్టించి పేరు అతికించేయనా?

డాలస్‌వాసి: ముందు పేరు, తర్వాతే వ్యాక్స్. వ్యాక్స్ మీద కొత్త స్టిక్కర్ నిలవదు. ఆ మొదటి అక్షరం మీదికి పేరు వచ్చేలా చూసుకోండి, కప్పుకుపోతుంది.

లేనియర్‌తీరం: అలాగే చేస్తాను. ఎడమపక్క వచ్చే శనివారం, ఈసారి మధ్యాహ్నం ఎండలోనే మొదలుపెడతాను.