షేర్‌గిల్ బొమ్మలకి మ్యాట్ (మెరుపులేని) కాన్వాస్ ప్రింట్ బెజవాడలో ఎక్కడ?

మార్చి 8కి కాలేజీ హాల్లో అమృతా షేర్‌గిల్ 1937లో వేసిన దక్షిణాది చిత్రాలు మూడూ పెట్టాలి, 36 అంగుళాల పొడవున, అంచులు కత్తిరించకుండా. ఆవిడ పోయింది 1941లో. 60 ఏళ్లు దాటింది కాబట్టి కాపీరైట్ పేచీ లేదు. చిక్కంతా రంగులతోనే. ఫ్లెక్స్ మీద తీస్తే ఆ మట్టి ఎరుపు కాస్తా టమాటా రంగుకి తిరుగుతోంది, ఒంటి గోధుమ నీడలు నల్లగా ముద్దకడుతున్నాయి. పైగా ఆ మెరుపులో ట్యూబ్‌లైటు కనబడుతుంది తప్ప బొమ్మ కనబడదు!

ఫైల్ పొడవు 5400 పిక్సెళ్లు, అంటే 150 డీపీఐ (అంగుళానికి 150 చుక్కలు). ఆరడుగుల దూరానికి చాలు. పిగ్మెంట్ ఇంకుతో, ముందు చిన్న నమూనా తీసి చూపించే షాపు గవర్నర్‌పేటలో గానీ, గుంటూరు అరండల్‌పేట వైపు గానీ ఉందా అండీ? ఆర్జీబీ (కంప్యూటర్ తెర రంగుల) ఫైలే ఇవ్వచ్చా, సీఎంవైకే (ప్రింటు ఇంకుల రంగులు)లోకి మనమే మార్చాలా? చదరపు అడుగు రేటెంత?